పొయ్యి ఎవరిది?

ఇల్లు అద్దెకు చూడవచ్చినవాళ్లు పూర్వం మొట్టమొదట బావి దగ్గరికి వెళ్లేవారు. చేదతో నీళ్లు తోడి, పుక్కిట పట్టి, "తియ్యగనే వున్నయి" అనుకున్న తర్వాతనే అద్దె సంగతి ఎత్తేవారు. ఇప్పుడు మా తొర్రూరులో నీళ్లు రుచి చూసేవారు లేరు. ఆడవాళ్లు సరాసరి వంటింట్లోకి వెళ్లి గట్టు ఎంత ఎత్తుందో, కిటికీ ఎటు తెరుచుకుంటుందో, ప్లగ్గు ఎక్కడుందో చూస్తారు. మగవాళ్లు మాత్రం ఇప్పటికీ గుమ్మంలోనే నిలబడి అద్దె ఎంతని అడుగుతారు.

మా ఇంటికి వెనకవైపు మూడు వాటాలున్నాయి. నేను బళ్లో పంతులమ్మగా పనిచేసినన్నాళ్లూ, ఆ తర్వాతా, వాటిలో ఎన్ని సంసారాలు దిగి వెళ్లాయో లెక్కపెట్టలేదు. వరంగల్లు నుంచి ఖమ్మం వెళ్లే రోడ్డు మీద వున్న వూరు గనక తొర్రూరుకు పనికోసం వచ్చేవారు ఎప్పుడూ వుంటారు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మమ్మల్ని వరంగల్లు నుంచి తీసి మహబూబాబాదు జిల్లాలో వేశారు. రెండేళ్లకు వూరు మునిసిపాలిటీ అయింది. వూరు పెరిగితే అద్దె ఇళ్లు పెరుగుతాయి. వచ్చినవారి సంసారం ఎలాంటిదో నేను వాళ్ల మాటలనుబట్టి కాక, వాళ్లు దించిన సామానులో పొయ్యినిబట్టి గ్రహిస్తాను. మంచం లేని సంసారాలను చూశాను. పొయ్యి లేని సంసారాన్ని చూడలేదు.

మా వైపు కిరసనాయిలును గ్యాసునూనె అనేవారు. కాబట్టి గ్యాసు రాకముందే గ్యాసు మాట మా ఇళ్లలోకి వచ్చేసింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో లోపల కట్టెల పొయ్యి, పండుగలకు పెరట్లో మూడు రాళ్ల పొయ్యి. పత్తి ఏరిన తర్వాత చేలో మిగిలే పత్తికట్టె భగ్గున మండి చప్పున చల్లారుతుంది. తుమ్మకట్టె ఓర్పుగల ఇల్లాలిలా నిలకడగా కాలుతుంది. వానాకాలంలో తడికట్టె అంటుకోకపోతే దానిమీద చుక్క గ్యాసునూనె. కోతమిల్లులో రంపపుపొట్టు దొరికినవారికి పొట్టుపొయ్యి. ఇంధనాలన్నిటికీ ఒక్కటే గుణం: పొగ. మా మామగారు కట్టించిన పెంకుటింట్లో ఆ పొగ పెంకుల సందుల్లోంచి దారి చూసుకుని పోయేది.

ఆ ఇల్లు తీసేసి మావారు స్లాబు వేయించిన ఏడాదే మా ఇంట్లో మొదటి నిబంధన పుట్టింది: "వాటాల్లో కట్టెల పొయ్యి పెట్టకూడదు." నిబంధనంటే కాగితం లేదు, సంతకం లేదు. ఇల్లు చూపించేటప్పుడు చెప్పే మాట. స్లాబు ఇల్లున్న ప్రతివారూ అప్పట్లో ఆ మాటే చెప్పారు. స్లాబుకు పెంకుల సందులు లేవు గదా! పొగ గోడను పట్టుకుంటుంది. సున్నం వేయించిన గోడ ఆరు నెలల్లో మసిబారితే ఎవరికి మాత్రం బాధ వుండదు? అయితే ఆ మాట అన్నవారి పని అంతటితో అయిపోయింది. విన్నవారి పని అక్కడ మొదలైంది.

అప్పుడు మధ్యవాటాలో పత్తిబస్తాలు మోసే హమాలీ కుటుంబం వుండేది. ఆ ఇల్లాలు నాతో, "కట్టె పెట్టొద్దంటె దేనిమీద వండాలె అక్కా? మా కార్డు అత్తగారి వూళ్లె వున్నది" అంది. రేషను కార్డు ఏ వూళ్లో వుంటే ఆ వూళ్లోనే నీలిరంగు గ్యాసునూనె పోసేవారు. మనిషి పనికోసం తొర్రూరు వస్తే కార్డు వెంట రాదు. నెలకొకనాడు ఆమె కూలి మానుకుని, బస్సెక్కి, నూనె తెచ్చుకునేది. కండక్టరు చూస్తే డబ్బా ఎక్కనివ్వడని పాతచీరలో చుట్టి సంచీ అడుగున పెట్టేది. నాలుగు సీసాల నూనెకు ఒకనాటి కూలి, రానూ పోనూ చార్జీ. మా గోడ తెలుపుకు ఆమె కట్టిన పన్ను అది. ఈ సంగతి చెప్పగానే మావారు పెరట్లో నాలుగు గుంజలు పాతించి పైన రేకులు కప్పించారు. మూడు వాటాల కట్టెల పొయ్యిలూ ఆ కొట్టం కిందికి చేరాయి. గోడలు తెల్లగా వున్నాయి, ఆడవాళ్లు వానకు తడవలేదు. కళ్లు మాత్రం ఎర్రగానే వుండేవి.

గ్యాసుబండ మన దేశంలో 1955 ప్రాంతంలో బొంబాయిలో మొదలైంది. ఇండేన్ పేరిట మనవారి గ్యాసు 1965లో కలకత్తాలో మొదటి ఇల్లు చేరింది. అక్కడి నుంచి మా వెనకవాటాల దాకా రావడానికి దానికి చాలా ఏళ్లు పట్టింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'దీపం' పథకం పెట్టి డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు గ్యాసు ఇచ్చారు. 2016లో కేంద్రం 'ఉజ్వల' ప్రారంభించింది. ఇల్లాలి పేరనే కనెక్షను ఇవ్వడం రెంటిలోనూ మెచ్చుకోదగిన సంగతి. కాని గ్యాసు కావాలంటే పేరుతో బాటు చిరునామా కూడా చూపించాలి. అద్దెకుండేవారికి పేరు వుంటుంది, చిరునామా వుండదు. అద్దె ఒప్పందమో, ఇంటివారి ఒప్పుకోలు ఉత్తరమో తెమ్మంటారు. ఇంటివారేమో, "ఇవాళ ఉత్తరం రాసిస్తే రేపు ఇల్లే మాదంటారు" అని బెదురుతారు. ఇటువంటి ఉత్తరాలు నేను చాలామందికి రాసిచ్చాను. ఇంతవరకు ఇల్లు ఎవరూ ఎత్తుకుపోలేదు. 2021లో ఉజ్వల రెండోవిడతలో వలసవచ్చినవారు తమంతట తాము రాసిచ్చిన కాగితం చాలునన్నారు. ఆ వార్త చదివిననాడు పత్రిక పక్కన పెట్టి మధ్యవాటా వైపు చూశాను. హమాలీ కుటుంబం వెళ్లిపోయి చాలా ఏళ్లయింది.

ఇదంతా మా వూరి పురాణం. సముద్రాల అవతల మా చిన్నవాడి ఇంట్లోనూ ఈ పురాణమే ఇంకో రూపాన వినవలసివస్తుందనుకోలేదు.

వాడు ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలో టార్నీట్ అనే పేటలో అద్దె ఇంట్లో వుంటున్నాడు. తెలుగువాళ్లు చాలామంది వున్న పేట అది. ఒకరోజు కోడలు ఫోనులో, "అత్తమ్మా, మా వేడినీళ్ల గ్యాసుపెట్టె ముసలిదైపోయింది. అది పాడైతే దాని జాగాలో మళ్ల గ్యాసుది పెట్టొద్దని రూలు వస్తున్నదట. కరెంటుది పెట్టియ్యాలంటే ఖర్చెక్కువని ఇంటాయన ఇల్లే అమ్మేస్తడేమో అంటున్నరు" అంది. చంకలో ఏడాది నిండని మా మనుమరాలు. ఆ వూళ్లో చలి జూన్, జూలై నెలల్లో. అద్దె ఇల్లు దొరకడం అక్కడ మాటలు కాదు. శనివారంనాడు ఇల్లు చూపిస్తామంటే వీధిదాకా వరస కడతారట. ఉద్యోగం వివరాలూ, జీతం కాగితాలూ అన్నీ ఇచ్చి ఇంటివారి అనుగ్రహం కోసం ఎదురుచూడాలట. మనం ఇక్కడ సంబంధాలు చూసినంత తతంగం!

పంతులమ్మ బుద్ధి వూరుకోదు గదా! మా వాడిచేత ఆ నిబంధన తెప్పించి చదివించుకున్నాను. మెల్‌బోర్న్ విక్టోరియా రాష్ట్రంలోది. ఆ రాష్ట్రానికి దక్షిణాన బాస్ జలసంధి అని వుంది. దాని అడుగున దొరికిన సహజవాయువు 1969 నుంచి గొట్టాల్లో ఇళ్లకు రావడం మొదలైంది. వంటకూ, స్నానాలకూ, చలికాలం ఇల్లు వెచ్చజేసుకోవడానికీ అదే ఆధారం. 1998 సెప్టెంబరు 25న లాంగ్‌ఫర్డ్‌లోని గ్యాసు కర్మాగారంలో పేలుడు జరిగి ఇద్దరు చనిపోతే, సుమారు రెండు వారాలపాటు ఆ రాష్ట్రమంతా చన్నీళ్లు పోసుకుంది. ఇప్పుడు ఆ సముద్రగర్భంలో గ్యాసు తరిగిపోతున్నది. గాలి చెడిపోకుండా చూడాలన్న పట్టుదల కూడా తోడైంది. అందుకని 2024 జనవరి 1 నుంచి ప్లానింగు అనుమతి కావలసిన కొత్త ఇళ్లకు గ్యాసు గొట్టం లేదన్నారు. 2025లో అద్దె ఇళ్ల సంగతి తేల్చారు: 2027 మార్చి 1 నుంచి అద్దె ఇంట్లో గ్యాసుతో నడిచే వేడినీళ్ల యంత్రంగాని, గది వెచ్చజేసే హీటరుగాని ఆయువు తీరి పాడైతే, దాని స్థానంలో కరెంటుతో నడిచేదే పెట్టాలి. పనిచేస్తున్న దాన్ని పీకెయ్యనక్కరలేదు. ఖర్చు ఇంటివారిది. వంటపొయ్యి జోలికి మాత్రం పోలేదు.

చదివితే తప్పుపట్టడానికేమీ కనిపించదు. పైగా ఆ రాష్ట్రంలో అద్దెవారికి వున్న రక్షణ చూసి నాకు ముచ్చటవేసింది. 2021 మార్చి 29 నుంచి వంటింట్లో కనీసం రెండు మంటల పొయ్యి పనిచేస్తూ వుండాలని చట్టంలో రాశారు. గ్యాసు సామాను రెండేళ్లకొకసారి నిపుణుడిచేత పరీక్ష చేయించాలి. ఆ జాగ్రత్త వూరికే రాలేదు. 2010లో షెపర్టన్‌లో ఒక అద్దె ఇంట్లో హీటరునుంచి వచ్చిన విషవాయువువల్ల ఇద్దరు చిన్నపిల్లలు నిద్రలోనే పోయారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. వేడినీళ్లు ఆగిపోవడాన్ని అక్కడ అత్యవసర మరమ్మతుగా లెక్కవేస్తారు. ఇంటివారు వెంటనే పలకకపోతే అద్దెవారు 2500 డాలర్ల దాకా తామే పెట్టి బాగుచేయించుకుని ఆ డబ్బు ఏడు రోజుల్లో రాబట్టుకోవచ్చు. అద్దె ఏడాదికి ఒకసారి మించి పెంచకూడదు.

ఇదంతా కోడలికి వివరించి చెప్పాను. ఆ అమ్మాయి ఓపికగా విని, "చట్టం మంచిదే అత్తమ్మా. కాని ఇల్లు అమ్మొద్దని అండ్ల లేదు గదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మెల్‌బోర్న్‌లో పొయ్యి ఇంటివారిది. తొర్రూరులో పొయ్యి అద్దెవారిది. అక్కడి సంసారం బట్టలపెట్టెతో దిగుతుంది. ఇక్కడి సంసారం పొయ్యి నెత్తిన పెట్టుకుని దిగుతుంది. అందుచేత అక్కడ నిబంధన ఇంటివారిని పట్టుకుంటే, ఇక్కడ నిబంధన అద్దెవారిని పట్టుకుంటుంది. అక్కడ ఇంటివారు ఆ బరువును అద్దెలోకో, అమ్మకంలోకో దించుకుంటారు. ఇక్కడివారికి దించుకునే చోటే లేదు. దారులు వేరయినా బరువు చివరికి చేరే తల ఒక్కటే.

ఇంకో సంగతి కూడా వుంది. సొంత ఇల్లున్నవారు డబ్బు చూసుకుని మొత్తం కరెంటుకు మారిపోతారు. అద్దెవారికి ఆ స్వతంత్రం లేదు. వేడినీళ్లు కరెంటుకు మారినా వంటపొయ్యి గ్యాసుమీదే వుంటే, ఆ ఒక్క పొయ్యికోసం గొట్టం అద్దె రోజువారీ లెక్కన కడుతూనే వుండాలి. వూళ్లో పదిమంది కలిసి తవ్వించిన బావికి పూడిక తీయించే ఖర్చు పదిమందీ పెట్టుకుంటారు. ఎనిమిదిమంది కుళాయిలు వేయించుకుని తప్పుకుంటే మిగిలిన ఇద్దరిమీదా ఎంత పడుతుంది? గొట్టం సంగతీ అంతే. చివరిదాకా దాన్ని పట్టుకుని వుండేది దాన్ని వదులుకునే అధికారం లేనివాడే.

ఇప్పుడు మా వాటాల సంగతి చెబుతాను. మొదటివాటాలో ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పే యువదంపతులున్నారు. వాళ్లది ఇండక్షను పొయ్యి. తెలంగాణాలో 2024 మార్చి నుంచి ఆహారభద్రత కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. అద్దెకున్నవారికీ వర్తిస్తుంది. "కరెంటు పుణ్యానికి వస్తుంటే గ్యాసెందుకు పెద్దమ్మా?" అన్నాడు ఆ పిల్లవాడు. కాగితం తీసి లెక్క వేయించాను. బండలో 14.2 కిలోల గ్యాసు వుంటుంది. అందులోని వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుకు సమానం. గ్యాసుమంటలో కొంత గిన్నె పక్కలనుంచి వృథాగా పోతుంది. ఇండక్షనుకు అంత వృథా లేదు గనక ఆ వంటే దానిమీద చేస్తే 120 నుంచి 145 యూనిట్లు కావాలి. బండ నలభైరోజులు వచ్చే చిన్నసంసారానికి నెలకు నూరు యూనిట్లు అటూ ఇటూ. మిగతా నూరులో పంకాలూ, దీపాలూ, ఫ్రిజ్జూ సర్దుకోవాలి. ఎండాకాలంలో కూలరు పెట్టారా, 200 దాటుతుంది. దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి. మూడు వాటాలకూ ఒకే మీటరున్న ఇళ్లలో ఆ ఉచితం ఎవరికీ దక్కదు. మా ఇంట్లో మూడు మీటర్లున్నాయి. అయినా 2000 వాట్ల పొయ్యి తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. దీపానికి వేసిన సన్నతీగకు ఆ బరువు తగిలిస్తే గోడలోపల వేడెక్కుతుంది. పొగ బయటికి కనిపించేటప్పటికి ఆలస్యమవుతుంది. అందుకని వంటింటికి లావుతీగ వేయించి, 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించాను. ఆ ఖర్చు నాది. అద్దెలో కలపలేదు.

చివరివాటాలో ఒడిశానుంచి వచ్చిన ఇద్దరు తాపీమేస్త్రీలున్నారు. వాళ్ల సామానులో ఒక బుల్లిబండ, దానిమీదే బిగించిన పొయ్యి. పెద్దబండలోంచి అందులోకి చాటుగా గ్యాసు ఎక్కించి ఇచ్చేవాళ్ల దగ్గర నింపించుకుని తెచ్చుకునేవారు. పడుకునేదీ ఆ గదిలోనే, వండుకునేదీ ఆ గదిలోనే. మెల్‌బోర్న్ గొట్టాల్లో వచ్చే సహజవాయువు గాలికంటె తేలిక. కారితే పైకి పోతుంది. మన బండలో గ్యాసు గాలికంటె బరువు. కారితే నేలమీద నీళ్లలాగా పరుచుకుంటుంది, నేలమీద పడుకున్నవాడి పక్కనే చేరుతుంది. ఈ మాట చెప్పగానే వాళ్లలో పెద్దవాడి ముఖం మారింది. "కార్డు లేదమ్మా, పెద్దబండ ఎవరిస్తరు?" అన్నాడు వచ్చీరాని తెలుగులో. అయిదు కిలోల బండ 2013 నుంచి పెట్రోలు బంకుల్లో అమ్ముతున్నారు. గుర్తింపు కాగితం చాలు, చిరునామా అడగరు. కాకపోతే దానికి రాయితీ లేదు. గ్యాసు తమ పేరనున్నవారికి ఆహారభద్రత కార్డుంటే మన రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి నుంచి బండ 500 రూపాయలకే పడుతుంది. ఏ కార్డూ లేని మేస్త్రీ కిలోకు వాళ్లకంటె ఎక్కువ పెట్టి కొనాలి. వూరికి ఇళ్లు కట్టేవాడి వంటకే ధర ఎక్కువ! వాళ్ల గది తలుపుకింద, గోడకు నేలమట్టాన, జానెడు జాలీ పెట్టించాను. ఇటుక తీసి జాలీ అమర్చింది ఆ మేస్త్రీలే. కూలి ఇస్తే తీసుకోలేదు.

పొగపొయ్యి పోవలసిందే. ఆ పొగ మింగినదాన్ని గనక ఇంకొకరు చెప్పనక్కరలేదు. గ్యాసు కూడా ఏదో ఒకనాటికి పోవలసిందేనంటే నాకు అభ్యంతరం లేదు. మా గ్యాసునూనె పోలేదా? కిరసనాయిలు మీద కేంద్రం ఇచ్చే రాయితీ 2020 నాటికి పూర్తిగా నిలిచిపోయింది. బత్తీల స్టవ్వు ఇప్పుడు మా అటకమీద వుంది. ఒక ఇంధనం పోయి ఇంకొకటి రావడం కాలధర్మం. అయితే పాతది తీసేసే తేదీ ప్రకటించేవారు, కొత్తది వచ్చేదాకా ఆ ఇంట్లో అన్నం ఎవరు వండుతారో, ఆ మనిషికి ఇంట్లో మేకు కొట్టే అధికారమైనా వుందో లేదో ఒకసారి విచారించాలి. ఇంటివారికి సాయం చేస్తే, ఆ సాయం పుచ్చుకున్న ఇంట్లో అద్దెవారిని కొన్నేళ్లు కదపకూడదని ఒక్క వాక్యం రాస్తే నా కోడలి ప్రశ్నకు జవాబు దొరికేది.

టార్నీట్‌లో ఆ పాతపెట్టె ఇంకా పనిచేస్తున్నది. కోడలు ప్రతి ఉదయం కుళాయి తిప్పి, నీళ్లు వెచ్చబడేదాకా చెయ్యి ధారకింద పెట్టి నిలబడుతుందట. వెచ్చబడగానే పిల్లకు స్నానం. ఆ ఒక్కరోజుకు ఇల్లు తమదే అనుకుంటుందట.

చదువరుల్లో వాటాలు అద్దెకిచ్చేవారు వుంటే వారికొక మనవి. ఇల్లు చూపించేటప్పుడు మేకులు కొట్టవద్దు, కట్టెలు పెట్టవద్దు, గోడలు మాపవద్దు అని చెప్పడం మనకు కంఠతా వచ్చు. దానితోబాటు, "గ్యాసుకు ఉత్తరం కావాలంటే రాసిస్తాను, వంటింటి తీగ లావుదే వేయించాను, కింద జాలీ వుంది" అని కూడా చెప్పండి. ఇల్లు చూడవచ్చిన ఆమె అప్పటిదాకా గట్టునూ, కిటికీనీ చూస్తున్నది కాస్తా మీ ముఖం వైపు చూస్తుంది. ఆ అద్దె నెల నెలా అడగకుండానే వస్తుంది. ఇది నా అనుభవం.